దూరం తెలియని దీపం

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఎగిరే పళ్ళాల గురించి మాట్లాడండి, పిల్లలకు సరదాగా ఉంటుంది" అన్నారు నిర్వాహకులు. ఒప్పుకున్నాను. కానీ గ్రహాంతరవాసులు ఉన్నారా లేరా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆకాశంలో ఏదో కనబడినప్పుడు "అదేమిటో కొలిచి చూద్దాం" అని పరికరాలు పట్టుకుని బయల్దేరిన వాళ్ళ కథలు మాత్రం నాకు కొన్ని తెలుసు. లెక్క తేలని ఎంట్రీని సస్పెన్స్ ఖాతాలో పెట్టుకుని, దాని ఓచర్ దొరికేదాకా నిద్రపట్టని వాళ్ళం కదా మనం. వాళ్ళూ అలాంటి మనుషులే.

ముందు పిల్లలకు ఒక ప్రశ్న. రాత్రిపూట బస్సులో ఊరికి వెళ్తుంటే చందమామ ఏం చేస్తాడు? (పిల్లలు: "మనతో వస్తాడు!") అవును, వస్తాడు. బస్సు ఆగితే ఆగుతాడు, మలుపు తిరిగితే చెట్ల చాటున తొంగి చూస్తాడు. ఎందుకలా? రోడ్డు పక్క తాటిచెట్లు గబగబా వెనక్కి పోతాయి. దూరంగా ఉన్న గుట్ట మెల్లగా జరుగుతుంది. చందమామ 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మన బస్సు పది కిలోమీటర్లు పోయినా ఆయన జరిగినట్టే ఉండదు. పక్కనున్నవన్నీ వెనకబడిపోతుంటే ఒక్కటి మాత్రం వెనకబడకపోతే, మన బుర్ర "ఇది నాతో పాటే వస్తోంది" అని తీర్మానించేస్తుంది. చందమామ అని ముందే తెలుసు కాబట్టి ముచ్చటపడతాం. అదేమిటో తెలియకపోతే భయపడతాం.

భయపడిన మనిషి ఒకరు నాకు తెలుసు. 1993 ఫిబ్రవరి. నేనొక గ్రామీణ శాఖలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. రికవరీ సీజన్ అంటే ఎలా ఉంటుందో ఇక్కడున్న ఇల్లాళ్ళకు మాకంటే బాగా తెలుసు. ఆ రోజు ఒక ఊళ్ళో పని ముగించుకుని, మా అటెండర్‌ను వెనక ఎక్కించుకుని స్కూటర్ మీద పడమటి వైపుగా తిరిగి వస్తున్నాను. పొద్దుపోయి చీకటి పడింది. ఉన్నట్టుండి ఆయన నా భుజం పట్టుకుని, "సార్, ఆ లైటు చూడండి, చాలాసేపట్నుంచి మన ముందే పోతోంది, మనం ఆగితే ఆగుతోంది" అన్నాడు. చెట్ల పైన పెద్ద తెల్లటి వెలుగు. నేను రోడ్డు మీది గుంతలు చూసుకుంటున్నాను. "ఎవరో ట్రాక్టర్‌లో పోతున్నార్లేవయ్యా" అన్నాను. "ట్రాక్టర్ చెట్ల మీద పోతుందా సార్?" అన్నాడు. ఇంటికి చేరేదాకా నా చొక్కా వదల్లేదు.

మర్నాడు బ్రాంచిలో ఆ సంగతిని నేనే జోక్‌గా చెప్పాను. అందరూ నవ్వారు. ఆ తరువాత ఆయనకు "లైటు" అని పేరు పడింది. క్యాష్ కౌంటర్ దగ్గర ఖాతాదారులు కూడా "ఏం లైటూ" అని పిలిచేదాకా వచ్చింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ఇప్పుడు లడఖ్ వెళ్దాం. 2012లో పాంగాంగ్ సరస్సు ప్రాంతంలో మన సైనికులకు, సరిహద్దు పోలీసులకు తూర్పున, చైనా వైపు నుంచి, పసుపు రంగు వెలుగు ఒకటి పైకి లేచి, గంటల తరబడి ఆకాశంలో నెమ్మదిగా ప్రయాణించి మాయమవుతున్నట్టు కనబడింది. ఒకసారి కాదు, రోజూ. అక్కడ కాపలా కాసేవాడికి ఇది కాలక్షేపం కబురు కాదు. అవతలి దేశం నిఘా డ్రోన్ పంపుతోందా? మన గగనతలంలోకి వచ్చిందా? కాల్చాలా, ఊరుకోవాలా? పొరపాటున ఏం చేసినా రెండు దేశాల మధ్య అగ్గి రాజుకునే చోటది.

సైన్యం చేయవలసిన పనే చేసింది. కొండ మీదకు మొబైల్ రాడార్ తీసుకెళ్ళారు. రేడియో సంకేతాలు పట్టే స్పెక్ట్రమ్ అనలైజర్ తీసుకెళ్ళారు. ఒక డ్రోన్‌ను ఆ వెలుగు వైపు పంపితే, అది ఎగరగలిగినంత ఎత్తుకు ఎగిరినా దాన్ని అందుకోలేకపోయిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. రాడార్‌లో ఏమీ లేదు. అనలైజర్‌లో ఏ సంకేతమూ లేదు. కంటికి మాత్రం ఎదురుగా వెలుగుతోంది.

ఇక్కడే ఒక్క నిమిషం ఆగాలి. రాడార్ తెర ఖాళీగా ఉందంటే ఏమనుకున్నారు? "ఇది లోహంతో చేసింది కాదు" అనుకున్నారు. నిజానికి ఆ ఖాళీ తెర చెప్పిన మాట ఇంకొకటి: "నా పరిధిలో ఏదీ లేదు." మన సున్నా బ్యాలెన్స్ లాంటిదే. సున్నా కూడా ఒక అంకే, దాన్ని కూడా చదవాలి.

ఆరు నెలల్లో 329 సార్లు ఇలాంటి వెలుగులు చూసినట్టు సైన్యం నమోదు చేసింది. వాటిలో 155 సార్లు సరిహద్దు రేఖ దాటి వచ్చాయని లెక్క కట్టారు. చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రజ్ఞులను పిలిచారు. లడఖ్‌లోని హాన్లేలో ఆ సంస్థకు అబ్జర్వేటరీ ఉంది కాబట్టి అక్కడి ఆకాశం వాళ్ళకు కొట్టిన పిండి. వాళ్ళు ఖరీదైన కొత్త యంత్రమేదీ అడగలేదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ దిక్కున, ఎంత ఎత్తులో కనబడింది, ఎప్పుడు మాయమైంది అన్న వివరాలను గ్రహాల స్థానాలతో పోల్చి చూశారు. సరిపోయింది. ఒకటి గురుగ్రహం, ఇంకొకటి శుక్రుడు. 2013లో ఈ సంగతి పత్రికలకెక్కింది.

2012 డిసెంబరు మొదట్లో గురుడు భూమికి ఒక పక్క, సూర్యుడు సరిగ్గా ఎదురు పక్క ఉన్నారు. అంటే సూర్యుడు పడమట దిగేవేళకు గురుడు తూర్పున లేస్తాడు. ఆ సమయంలో శుక్రుడేమో వేగుచుక్క. తెల్లవారుజామున తూర్పున లేస్తుంది. పాంగాంగ్ దగ్గర నిలబడితే తూర్పు అంటే చైనా వైపే. సుమారు 14,000 అడుగుల ఎత్తు, పల్చటి గాలి, దుమ్ము లేదు, దీపాల వెలుతురు లేదు. మన ఊళ్ళలో చూసే చుక్కకూ అక్కడి చుక్కకూ పోలికే లేదు. చీకటి కొండ అంచు మీద నుంచి అది లేస్తుంటే ఎవరో దీపం ఎత్తి పట్టుకున్నట్టే ఉంటుంది.

నక్షత్రాలు, గురుడి లాంటి దూరపు గ్రహాలు రోజూ ఒకే వేళకు లేవవు, సుమారు 4 నిమిషాలు ముందుగా లేస్తాయి. నెలకు రెండు గంటలు. ఏ దేశపు డ్రోన్ అయినా రోజూ సరిగ్గా 4 నిమిషాలు ముందుకు జరిపి పంపుతారా? సైనికులు వేళలు రాసిపెట్టిన రిజిస్టర్‌లోనే జవాబు ఉంది. రాడార్‌కు దొరకనిది రిజిస్టర్‌కు దొరికింది.

ఆ వార్త వచ్చినప్పుడు చాలామంది నవ్వారు. "శుక్రుణ్ణి చూసి డ్రోన్ అనుకున్నారట" అని. నాకు నవ్వు రాలేదు. ఆ సైనికులు చూసింది అబద్ధం కాదు. వెలుగు ఉంది, తూర్పునే లేచింది, గంటల తరబడి కదిలింది. ప్రతి అక్షరం నిజం. తేడా ఒక్కచోటే వచ్చింది. దాని దూరం కొన్ని కిలోమీటర్లు అనుకున్నారు, గురుడైతే 60 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ దూరం గురించే. చీకట్లో ఒంటరి దీపం ఎంత దూరాన ఉందో కన్ను చెప్పలేదు. మన రెండు కళ్ళ మధ్య ఎడం రెండున్నర అంగుళాలు. ఆ ఎడంతో సూదిలో దారం ఎక్కించగలం, కానీ కొండల అవతలి దీపం దూరం చెప్పలేం. దూరం తెలియకపోతే సైజు తెలియదు. సైజు, దూరం రెండూ తెలియకపోతే వేగం తెలియదు. "బస్సంత ఉంది, విమానం కంటే వేగంగా పోయింది" అని సాక్షి చెప్పే మాటల్లో ఈ మూడూ ఊహలే. ఆయన అబద్ధమాడడం లేదు. కన్ను ఇవ్వని అంకెలను బుర్ర పూరించేస్తోంది.

మరి దూరం ఎలా తెలుస్తుంది? రెండు చోట్ల నుంచి చూడాలి. పొలం కొలిచే సర్వేయర్ చేసే పని అదే. ఒక గట్టు మీద నుంచి కోణం, ఇంకో గట్టు మీద నుంచి కోణం, రెండు గట్ల మధ్య కొలత. మూడూ ఉంటే అవతలి చెట్టు ఎంత దూరమో చెట్టు దగ్గరకు వెళ్ళకుండానే వచ్చేస్తుంది. మన స్ట్రాంగ్ రూమ్‌కు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర ఎందుకుంటాయో, ఇక్కడ రెండు కెమెరాలు అందుకే ఉండాలి. ఒక్కడి మాట మీద తలుపు తెరవకూడదు.

వినడానికి తేలిక. చేయడంలో ఎంతమంది దెబ్బతిన్నారో చూడండి. 1948 చివర్లో అమెరికాలోని న్యూమెక్సికోలో ఆకుపచ్చ నిప్పుబంతులు కనబడ్డాయి. ఆ చుట్టుపక్కలే అణుబాంబు ప్రయోగశాలలు. వాళ్ళకెంత కంగారో ఊహించండి. 'ప్రాజెక్ట్ ట్వింకిల్' అని ఒకటి పెట్టారు. క్షిపణులను వెంటాడి ఫోటోలు తీసే ఆస్కానియా కెమెరాలతో కాపలా. 1950 ఏప్రిల్ 27న, మళ్ళీ మే 24న ఏదో ఫిల్మ్ మీద పడింది కూడా. కానీ రెండు కెమెరాలూ ఒకే సమయంలో ఒకే వస్తువును పట్టలేదు. కాబట్టి ఎత్తు రాలేదు, సైజు రాలేదు, వేగం రాలేదు. 1951లో తుది నివేదిక రాసి దుకాణం కట్టేశారు. సంతకం ఒక్కటే ఉన్న చెక్కు.

కెనడాలో విల్బర్ట్ స్మిత్ అని రవాణా శాఖలో రేడియో ఇంజనీరు. 1953లో ఒటావా దగ్గర షర్లీస్ బేలో ఒక గుడిసె లాంటి కేంద్రం పెట్టి, గురుత్వాకర్షణ కొలిచేది, అయస్కాంత క్షేత్రం కొలిచేది, గామా కిరణాలు లెక్కపెట్టేది, ఇలా తనకు తోచినవన్నీ బిగించాడు. 1954 ఆగస్టు 8 మధ్యాహ్నం మూడు గంటలప్పుడు గురుత్వాకర్షణ పరికరం ముల్లు గట్టిగా ఊగింది. అందరూ బయటికి పరుగెత్తి ఆకాశం వైపు చూశారు. దట్టమైన మబ్బు! ఏమీ కనబడలేదు. పరికరం ఊగింది ఆకాశంలోని దానికా, లోపలి వైరు వదులైనందుకా? చెప్పడానికి రెండో ఆధారం లేదు. కొద్ది రోజులకే ప్రభుత్వం ఆ పనికి మద్దతు మానుకుంది. ఈ మనిషి మీద నాకు జాలి. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజు వచ్చింది, ఆ రోజే మబ్బు పట్టింది.

ఇక ఈమధ్య సంగతి. పిల్లల్లో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు, అమెరికా నౌకాదళ విమానం నుంచి 2015లో తీసిన 'గో ఫాస్ట్' వీడియో. సముద్రం మీద ఏదో చిన్న తెల్లటి చుక్క బాణంలా దూసుకుపోతుంటుంది, పైలట్లు కేరింతలు కొడుతుంటారు. 2022లో నాసా 16 మందితో ఒక కమిటీ వేసింది. ఖగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ స్పెర్గెల్ దానికి అధ్యక్షుడు. 2023 సెప్టెంబరులో వచ్చిన నివేదికలో ఈ వీడియో లెక్క ఉంది. తెర మీదే విమానం ఎత్తు, కెమెరా వంపు, వస్తువు దూరం అంకెల్లో పడుతున్నాయి. స్కూల్లో నేర్చుకునే త్రికోణమితితో చూస్తే ఆ వస్తువు నీళ్ళ మీద లేదు, సుమారు 13,000 అడుగుల ఎత్తులో ఉంది. విమానం దానికంటే పైన, దానికంటే ఎంతో వేగంగా పోతోంది. రైలు కిటికీలోంచి చూస్తే స్తంభం పరుగెత్తినట్టు, విమానం కదలడం వల్ల ఆ చుక్క వెనకున్న సముద్రం మీద పరుగెత్తినట్టు ఉంది. దాని అసలు వేగం గంటకు సుమారు 40 మైళ్ళు, మన లెక్కలో 64 కిలోమీటర్లు. ఆర్డినరీ బస్సు! అంత ఎత్తులో గాలికి కొట్టుకుపోయే వస్తువుకు ఉండే వేగమే అది. అదేమిటో మాత్రం ఆ లెక్క చెప్పదు, దాని పని అది కాదు.

ఆ కమిటీ కనుగొన్న పెద్ద విషయం గ్రహాంతరవాసుల గురించి కాదు. వాళ్ళు వచ్చారనడానికి ఆధారం లేదన్నారు, అక్కడితో ఆ ముక్క అయిపోయింది. వాళ్ళ అసలు ఫిర్యాదు పరికరాల గురించి. ఉన్న వీడియోలన్నీ యుద్ధానికో ఇంకో పనికో పెట్టిన కెమెరాలు తీసినవి. ఆ కెమెరాల క్రమాంకనం, అంటే కాలిబ్రేషన్, ఈ పనికోసం జరగలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ కోణంలో తీశారన్న వివరాలు చాలావాటికి లేవు. బంగారం తాకట్టు పెట్టుకునే ముందు మన అప్రైజర్ ఏం చేస్తాడు? ముందు కాటా సున్నా చూపిస్తోందో లేదో చూస్తాడు, తరువాతే నగ పెడతాడు. ఎగిరే పళ్ళాల విషయంలో ప్రపంచం డెబ్బై ఏళ్ళుగా కాటా చూసుకోకుండా నగలు తూస్తోంది.

కాటా మాట వచ్చింది కాబట్టి ఇంకో చిన్న కథ. ఆస్ట్రేలియాలో పార్క్స్ అనే పెద్ద రేడియో టెలిస్కోప్ ఉంది. అందులో 1998 నుంచి అప్పుడప్పుడు విచిత్రమైన సంకేతాలు వస్తుండేవి. అంతరిక్షం నుంచి వచ్చినట్టే ఉండేవి గానీ ఎందుకో పగలే, పైగా భోజనాల వేళ చుట్టుపక్కలే ఎక్కువగా వచ్చేవి. 2015లో ఎమిలీ పెట్రాఫ్ అనే యువ శాస్త్రవేత్త, ఆమె బృందం దొంగను పట్టుకున్నారు. వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్! టైమ్ అయిపోకముందే, అది గంట కొట్టకముందే, ఎవరో ఆత్రంగా తలుపు తీస్తున్నారు. ఆ తీసిన క్షణంలో బయటపడిన తరంగం టెలిస్కోప్‌కు "సంకేతం". ఇంట్లో ఓపిక లేని మగవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ కథ చెప్పండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటుకు తీసుకెళ్తాను. నార్వే నడిమధ్యలో హెస్‌డాలెన్ అని ఒక లోయ. పది, పన్నెండు కిలోమీటర్ల పొడవు, నూటయాభై మంది జనం. 1981 డిసెంబరు నుంచి ఆ లోయలో దీపాలు కనబడసాగాయి. తెల్లవి, పసుపువి, కొన్ని ఎర్రవి. కొన్ని క్షణంలో పోయేవి, కొన్ని గంటకు పైగా నిలిచేవి. వారానికి పదిహేను, ఇరవై సార్లు కూడా కనబడిన కాలం ఉంది. ఆ జనం పరిస్థితి ఊహించండి. చెబితే పిచ్చివాళ్ళంటారు, చెప్పకపోతే లోపల గుబులు. ప్రభుత్వం వైపు నుంచి పరిశోధన అంటూ పెద్దగా ఏమీ రాలేదు.

అప్పుడు ఎర్లింగ్ స్ట్రాండ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, మరికొందరు స్వచ్ఛందంగా ముందుకొచ్చి 1983లో 'ప్రాజెక్ట్ హెస్‌డాలెన్' మొదలుపెట్టారు. ఉన్నచోట అడిగి పరికరాలు అరువు తెచ్చుకున్నారు. రాడార్, అయస్కాంత క్షేత్రం కొలిచేది, భూకంపాలు కొలిచేది, రేడియో స్పెక్ట్రమ్ అనలైజర్, గైగర్ కౌంటర్, లేజర్, కాంతిని ఇంద్రధనుస్సులా విడగొట్టే గ్రేటింగ్ బిగించిన కెమెరాలు. 1984 జనవరి 21 నుంచి ఫిబ్రవరి 26 దాకా, గడ్డకట్టించే చలిలో, మంచులో మకాం వేశారు. విమానాలు, నక్షత్రాలు, బండ్ల దీపాలు అని తేలినవి తీసేశాక 53 దర్శనాలు మిగిలాయి. భూకంప పరికరం, గైగర్ కౌంటర్ ఏమీ చెప్పలేదు. రాడార్ కొన్నిసార్లు కంటికి కనబడని దాన్ని చూపింది, కంటికి కనబడినప్పుడు చాలాసార్లు ఊరుకుంది. ఒక రాత్రి మిణుకుమిణుకుమంటూ పోతున్న దీపం మీదకు లేజర్ వేస్తే అది ఒక్కసారి మెరిసేది రెండేసి సార్లు మెరవడం మొదలుపెట్టిందని రాశారు. తొమ్మిది సార్లు వేస్తే ఎనిమిది సార్లు అలా జరిగిందట. ఇంత వింతగా ఉన్నా వాళ్ళు "ఇది ఫలానా" అని తేల్చలేదు. తెలియదు అనే రాశారు. నాకు ఆ నివేదిక మీద గౌరవం అందుకే.

1998లో ఆస్ట్‌ఫోల్డ్ కాలేజీ వాళ్ళు అక్కడ మనిషి అవసరం లేని స్వయంచాలక కేంద్రం పెట్టారు. కెమెరా దానంతట అదే లోయను చూస్తూ, వెలుగు కనబడితే రికార్డు చేస్తుంది. తరువాత ఇటలీ నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి వేసవుల్లో మకాం పెట్టారు. ఆ వెలుగుల వర్ణపటాలు తీసి, ఇది ఒక రకం ప్లాస్మా కావచ్చని మాసిమో తియొడొరాని రాశాడు. మరో ఇటాలియన్ మత్తెయో లియోనె ఏమన్నాడో తెలుసా? 2002లో మీరు ఒక గుట్ట మీద నుంచి కొలిచిన వెలుగులు కార్ల హెడ్‌లైట్లు అన్నాడు! లోయకు ఆ చివర రోడ్డు ఉంది, కారు ఎదురుగా తిరిగినప్పుడు దీపం వెలుగుతుంది, మలుపు తిరిగితే ఆరిపోతుంది. వర్ణపటం ఎంత ఖరీదైన యంత్రంతో తీసినా అది కాంతి ఎలాంటిదో చెబుతుంది, ఎంత దూరం నుంచి వచ్చిందో చెప్పదు కదా. మళ్ళీ దూరమే.

అంటే హెస్‌డాలెన్ అంతా కార్ల దీపాలేనా? అలా అనడమూ తొందరపాటే. 1981లో ఊరివాళ్ళు రోడ్డు లేని కొండవాలు మీద, తమ ఇళ్ళకు దగ్గర్లో చూసినవాటికి ఆ జవాబు సరిపోదు. యాదెర్ మొనారి అనే ఇటాలియన్ ఇంజనీరు ఇంకో దారి పట్టాడు. ఆ లోయకు ఒక పక్క రాళ్ళలో ఇనుము, జింకు ఉన్నాయి, ఇంకో పక్క రాగి. మధ్యలో పాత గని నుంచి గంధకం కలిసిన నీటితో నది. ఇదంతా పెద్ద బ్యాటరీ కాదా అని ఆయన అనుమానం. రెండు పక్కల రాళ్ళు తెచ్చి, మధ్యలో నది అడుగు మట్టి పెట్టి చూస్తే చిన్న దీపం వెలిగేంత కరెంటు వచ్చిందట. నిమ్మకాయలో రెండు రకాల లోహపు ముక్కలు గుచ్చి పిల్లలు స్కూల్లో చేసే ప్రయోగమే, లోయంత నిమ్మకాయ! అయితే రాళ్ళలో కరెంటు పుట్టడం వేరు, అది గాలిలో దీపమై తేలడం వేరు. మధ్యలో చాలా మెట్లు ఉన్నాయి, ఎవరూ ఇంకా ఎక్కలేదు. అది సస్పెన్స్ ఖాతాలోనే ఉంది. నలభై ఏళ్ళుగా దాన్ని ఎవరూ తప్పుడు పద్దు రాసి మూసెయ్యలేదు, అది చాలు నాకు.

మన దగ్గరి సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది. దశాబ్దాలుగా అక్కడి నుంచి శాస్త్ర పరికరాలు కట్టిన పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతున్నారు. కింద మనకు సూర్యుడు అస్తమించినా, లేదా ఇంకా ఉదయించకపోయినా, అంత ఎత్తులో బెలూన్ మీద ఎండ పడుతూనే ఉంటుంది. చుట్టూ చీకటి, మధ్యలో కదలని ముత్యం. దాని సంగతి తెలియనివాడు ఏమనుకోవాలి? పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి, దొరికితే విప్పకుండా పోలీసులకు తెలియజేయండి అని పేపర్లో ప్రకటన వస్తుంటుంది. టెండర్ నోటీసుల పక్కన చిన్నగా ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో పొలాల్లో ఒక పెద్ద క్యాప్సూల్ దిగితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తరలివచ్చాయి. అది కూడా ఈ కేంద్రం నుంచి బెలూన్‌తో పంపిన పరీక్షే, అంతరిక్ష పర్యటనల కోసం ఒక స్పెయిన్ కంపెనీ చేయించుకున్నది.

పిల్లలూ, ఈసారి మీకు ఏదైనా కనబడితే ముందు ఫోన్ తీసి వీడియో తీయకండి. చీకట్లో ఫోన్ కెమెరా చుక్కను పళ్ళెం చేస్తుంది. ముందు టైమ్ రాయండి. తరువాత ఒక కరెంటు స్తంభమో, వాటర్ ట్యాంకో పక్కన అది ఎక్కడుందో చూసుకుని, నిలబడ్డ చోట చాక్‌పీసుతో గీత గీయండి. చెయ్యి బారుగా చాపితే చిటికెన వేలు వెడల్పు ఒక డిగ్రీ, పిడికిలి పది డిగ్రీలు. ఒక గంట తరువాత అదే గీత మీద నిలబడి చూడండి. అది పడమటి వైపుగా ఒకటిన్నర పిడికిలి జరిగితే ఆకాశం తిరుగుతోందన్నమాట, అది గ్రహమో నక్షత్రమో. ఈలోగా వేరే కాలనీలో ఉన్న మీ పెద్దమ్మకో బాబాయికో ఫోన్ చేసి, వాళ్ళకు ఏ దిక్కున, ఎన్ని పిడికిళ్ళ ఎత్తులో కనబడుతోందో అడగండి. ఇద్దరికీ ఒకేచోట కనబడితే అది చాలా చాలా దూరం. మీకు తూర్పున, బాబాయికి పడమర కనబడితే అది మీ ఇద్దరి మధ్యే ఉంది. అప్పుడు నాకు ఫోన్ చేయండి, నేనూ వస్తాను!

ఇక మా అటెండర్ సంగతి. రిటైరయ్యాక పాత కాగితాలు సర్దుతుంటే ఆ నెల టూర్ డైరీ దొరికింది. తేదీ ఉంది, ఊరి పేరు ఉంది, బయల్దేరిన వేళ ఉంది. కంప్యూటర్‌లో ఆకాశ పటం చూపించే ప్రోగ్రాం తెరిచి ఆ తేదీ, ఆ వేళ, ఆ చోటు పెట్టాను. పడమట, చెట్ల ఎత్తులో, శుక్రుడు. ఆ నెలలోనే శుక్రుడు ఆ విడతకంతటికీ ఎక్కువ కాంతితో ఉన్నాడు. దూరం 6 కోట్ల కిలోమీటర్లకు పైగా. మా స్కూటర్ పోయింది పడమటికే. కాబట్టి అది మా ముందే పోయింది, మేం ఆగితే ఆగింది. ఆయన చెప్పింది చెప్పినట్టుగా అక్షరాలా నిజం. ఆ రోజు ట్రాక్టర్ అన్నది నేను. తలెత్తి చూడకుండా తప్పు చెప్పింది నేను. పేరు పడింది ఆయనకు.

నంబరు సంపాదించి ఫోన్ చేశాను. కూతురి దగ్గర ఉంటున్నాడు. గుర్తుపట్టి, "బాగున్నారా సార్, అమ్మగారు బాగున్నారా" అన్నాడు. సంగతంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగాడు, "అయితే నేను చూసింది నిజమే కదా సార్?"

"నిజమేనయ్యా. నేనే చూడలేదు" అన్నాను. "బ్రాంచిలో అందరి ముందూ అన్నాను, ఇప్పుడు ఎవరికి చెప్పను? అందరూ తలో ఊళ్ళో ఉన్నారు."

"మన పత్రిక వస్తుంది కదా సార్ వాళ్ళందరికీ" అన్నాడు. "అందులో రాయండి. నా పేరు వద్దు. లైటు నిజమని మాత్రం రాయండి."